తెల్లారగట్ట కరెంటు: డెల్టా రొయ్యల చెరువుల్లో ఒక సోలార్ ప్రయత్నం

ఇంధన ఆడిటర్‌గా నేను చేసిన పనుల్లో ఎక్కువ భాగం రైస్ మిల్లులు, ఐస్ ప్లాంట్లు, ప్రాసెసింగ్ యూనిట్లు. చెరువు గట్టు మీద చేసింది ఈ ఒక్కటే. ఇందులో మొదటి ఏడాది నేను ఇచ్చిన సలహా తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి రెండు పంటలు పట్టింది. ఇప్పుడు రాష్ట్రమంతా క్లీన్ ఎనర్జీ పనులు ఊపందుకున్నాయి. డెల్టా ఊళ్లకు కూడా ప్యానెళ్లు వస్తున్నాయి. ఇలాంటి పని చేయబోయేవాళ్లకు పనికొస్తుందని దీన్ని రాసి పెడుతున్నాను. ఊరు, మనుషులు, డబ్బు ఇచ్చిన సంస్థ ఎవరో తెలిసే వివరాలు తీసేశాను. కొన్ని అంకెలను దగ్గరి పూర్తి అంకెలకు సర్దాను.

నేపథ్యం

గోదావరి మధ్య డెల్టాలో, ఒక మురుగు కాలువ చివర ఉన్న చెరువులివి. తొమ్మిది మంది రైతులు, మొత్తం 22 ఎకరాల నీరు. పెంచేది వన్నామీ రొయ్య. అందరూ చిన్నవాళ్లే. నలుగురు సొంత భూమిలో చేస్తున్నారు, అయిదుగురు కౌలుకు చేస్తున్నారు. చెరువుల మీద రెండు హార్స్‌పవర్ ఏరియేటర్లు (చక్రాలు తిప్పి నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) 46 ఉన్నాయి. అన్నీ ఒకేసారి తిరిగితే 69 కిలోవాట్ల లోడు. ఇదంతా ఒకే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిచేది. ఆ ట్రాన్స్‌ఫార్మరేమో ఊళ్లో గుడి పక్కన ఉంది. అక్కడి నుంచి చెరువుల దాకా ఎల్‌టీ లైను (తక్కువ వోల్టేజీ తీగ) దాదాపు కిలోమీటరున్నర.

లైను అంత బలహీనంగా ఎందుకుందో అర్థం కావాలంటే డెల్టా చరిత్రలోకి కొంచెం వెళ్లాలి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ధవళేశ్వరం దగ్గర నది మట్టాన్ని పైకెత్తితే నీళ్లు వాలుకి తమంతట తామే సముద్రం దాకా పారతాయన్నది దాని లెక్క. అందుకే ఇక్కడ కాలువ కింద వరి పండించడానికి మోటారు అక్కర్లేదు. రాయలసీమలోనో తెలంగాణలోనో బోరు బావుల కోసం పొలాల్లోకి లైన్లు లాగినట్టు ఇక్కడ లాగలేదు. డెల్టా చివరి ఊళ్లలో కరెంటంటే ఇంట్లో దీపం, ఫ్యాను. దాళ్వా (రబీ వరి) పంటకు కూడా సీలేరులో కరెంటు తయారయ్యాక కిందికి వదిలే నీళ్లే ఆదుకుంటాయి. అంటే కొండల్లో కరెంటు ఇచ్చిన నీళ్లే ఇక్కడికి పారి పంట పండిస్తాయి. ఈ నేలకు కరెంటుతో ఉన్న చుట్టరికం అంతవరకే.

తర్వాత మురుగు దిగని చేలు, ఉప్పు తగిలిన నేలలు, గిట్టుబాటు కాని వరి. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే, అంటే ఆ పంటకు వరి వేయబోమని ప్రకటించింది ఈ బాధతోనే. 2009లో వన్నామీకి దేశంలో అనుమతి వచ్చాక, చేలు చెరువులయ్యే పని ఇంకా వేగంగా సాగింది. వాలు మీద ఆధారపడిన నేల కొన్నేళ్లలోనే రాత్రంతా మోటార్లు తిరిగే నేలయిపోయింది. లైన్లు మాత్రం దీపాల కాలం నాటివే.

రైతులు చెప్పిన సమస్య

2023 చివర్లో వాళ్లు నా దగ్గరకు తెచ్చింది ఒకే మాట: "డీజిల్ మమ్మల్ని తినేస్తోందండి." లెక్క వేస్తే నిజమే. అర్హత ఉన్న చిన్న చెరువులకు ప్రభుత్వం కరెంటును యూనిట్ రూపాయిన్నరకే ఇస్తోంది. చిన్న జనరేటర్‌లో లీటరు డీజిల్ పోస్తే మూడు యూనిట్లకు మించి రావు. అంటే యూనిట్ ముప్పై రూపాయల పైమాటే. ఒక గంట జనరేటర్ ఖర్చుతో ఇరవై గంటలు లైను కరెంటు వాడుకోవచ్చు.

ఏరియేటర్ ఆపుకుందామన్నా కుదరదు. పగలు చెరువులోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీలుస్తుంది. రొయ్య, నాచు, అడుగున కుళ్లే మేత కలిసి రాత్రంతా వాడుకోగా, నీటిలో కరిగిన ఆక్సిజన్, రైతుల భాషలో డీఓ, తెల్లవారుజామున అన్నిటికంటే కింద ఉంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉంటే రొయ్యకు ఇబ్బంది లేదు. 3 కిందకు దిగితే మేత మానేస్తుంది, నలిగిపోతుంది. 2 దగ్గరకొస్తే పైకి తేలుతుంది. తేలిందంటే చేతిలో ఉన్నది కొద్ది సమయమే. కోటీశ్వరుడి చెరువైనా, కౌలుదారు చెరువైనా ఈ లెక్క ఒకటే.

మొదటి ప్రయత్నం

ఒక దాత సంస్థ డబ్బు పెట్టడానికి ముందుకొచ్చింది. పునరుత్పాదక ఇంధనానికి మాత్రమే ఇస్తామన్నారు. ఎన్ని కిలోవాట్లు అమర్చామన్నదే వాళ్ల నివేదికలో అసలు అంకె. నాకూ అది తేలిగ్గానే తోచింది. 30 కిలోవాట్ల ప్యానెళ్లు, గ్రిడ్‌కు కలిపే ఇన్వర్టర్. పగలు తయారయ్యేది లైనులోకి పోతుంది, రాత్రి వాడుకున్న దాంట్లో సర్దుబాటవుతుంది. బ్యాటరీ ఖర్చెందుకు, లైనే మన బ్యాటరీ అనుకున్నాను. 2024 ఏప్రిల్‌లో గట్ల మీద ప్యానెళ్లు బిగించాం.

నా తర్కం అప్పుడు ఇలా సాగింది: రైతుకు కరెంటు ఖర్చవుతోంది, సోలార్ ఖర్చు లేని కరెంటు, కాబట్టి సోలార్ రైతు ఖర్చు తగ్గిస్తుంది. మూడు మాటలూ విడివిడిగా నిజమే. కానీ మొదటి మాటలోని 'కరెంటు'లో రెండు వేర్వేరు సరుకులున్నాయి. రూపాయిన్నర కరెంటు ఒకటి, ముప్పై రూపాయల కరెంటు ఒకటి. నేను పెట్టిన ప్యానెల్ తగ్గించింది మొదటి దాన్ని. రైతును తింటున్నది రెండోది.

ప్యానెళ్లు బిగించే రోజున గట్టు మీద ఒక పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆయ్, అంతా బానే ఉందండి. కానీ రొయ్యకి తెల్లారగట్ట ఊపిరాడదు కదండీ. ఆ టయానికి సూర్యుడు ఎక్కడుంటాడండి?" నెట్ మీటరింగ్, అంటే పగలు లైనుకు ఇచ్చింది రాత్రి వాడకంలో సర్దుబాటు కావడం గురించి వివరించాను. ఆయన తలూపారు. ఆయన అడిగింది బిల్లు గురించి కాదు. నేను జవాబు చెప్పింది బిల్లు గురించి.

ఏం చెడింది

రోజుకు కిలోవాట్‌కు నాలుగు యూనిట్ల చొప్పున 120 యూనిట్లు వచ్చాయి. ప్యానెళ్లు చెప్పినట్టే పనిచేశాయి. రూపాయిన్నర లెక్కన అది రోజుకు 180 రూపాయలు. దాన్ని తొమ్మిది మందికి పంచితే మనిషికి ఇరవై. అంత పెట్టుబడికి ఇది ఆదా అని చెప్పడానికి నోరు రాదు. నిజానికి ఇక్కడ ఆదా అయింది సబ్సిడీ భరించే ప్రభుత్వానికి. ప్రభుత్వానికి ఆదా కావడం తప్పేమీ కాదు, ఆ డబ్బూ జనానిదే. కానీ రైతుకు చెప్పి పెట్టించింది అది కాదు.

రెండోది నాకు ముందే తెలిసి కూడా వాళ్లకు సరిగా చెప్పని విషయం. గ్రిడ్‌కు కలిపిన మామూలు ఇన్వర్టర్, లైనులో సప్లై పోగానే తనూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి వెనక నుంచి కరెంటు తగలకుండా ఉండటానికి అది తప్పనిసరి. కానీ మే నెల మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండలో కరెంటు పోయి, ప్యానెళ్లు పక్కనే ఉండగా జనరేటర్ తిప్పుకుంటున్న రైతుకు దాన్ని ఎలా సర్దిచెప్పాలి? ఆ రోజు నాకు ఫోన్లు వచ్చాయి. ఎవరూ కోప్పడలేదు. "ఏదైనా స్విచ్ వెయ్యాలేమోనని అడుగుతున్నామండి" అన్నారు. అది ఇంకా బాధ పెట్టింది.

జూన్ మొదట్లో ఒక రాత్రి ఈదురుగాలులు లేచి ఒంటిగంటన్నరకు సప్లై పోయింది. ఒక కౌలు రైతు జనరేటర్ లేవలేదు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు అతనికి. ఎకరంన్నర చెరువు, రొయ్య 45 కౌంటుకు (కిలోకు 45 రొయ్యలు) వచ్చి ఉంది. ఇంకో వారంలో పట్టుబడి (రొయ్యను పట్టి అమ్మడం). పక్క చెరువు వాళ్ల జనరేటర్ నుంచి వైరు లాగేసరికి మూడున్నర అయింది. అప్పటికే రొయ్య తేలిపోయింది. తెల్లారేసరికి టన్నున్నర పైగా గట్టువారగా తెల్లగా పడి ఉంది. నేను ఎనిమిదింటికి అక్కడికి చేరాను. ఆ గట్టు మీదే ప్యానెళ్లు ఎండకు మెరుస్తున్నాయి. ఇన్వర్టర్ తెర మీద ఆ రోజు ఉత్పత్తి అంకె పెరుగుతూ ఉంది.

ఆ కుర్రాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేనే దాత సంస్థకు రాశాను. ఈ ప్రాజెక్టు మీ నివేదికలో విజయం, చెరువు గట్టు మీద వైఫల్యం, మళ్లీ మొదటి నుంచి చూడటానికి ఆరు నెలల టైము ఇవ్వండి అని. ఇచ్చారు. అందుకు వాళ్లకు రుణపడి ఉన్నాను.

మళ్లీ మొదటి నుంచి

ఈసారి ఏ పరికరమూ కొనకుండా జులై పంట మొత్తం కొలతలకే కేటాయించాం. రెండు డీఓ మీటర్లు, ప్రతి జనరేటర్ దగ్గర ఒక నోటు పుస్తకం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒకటి, చివరి చెరువు దగ్గర ఒకటి వోల్టేజీ రాసే పరికరాలు. కాపలా కుర్రాళ్లకు రాత్రి రెండు గంటలకోసారి డీఓ చూసి రాయడం నేర్పాం. జనరేటర్ ఎప్పుడు వేశారన్న దానితోపాటు ఎందుకు వేశారన్నది కూడా రాయమన్నాం. ఈ కేసును తిప్పింది ఆ 'ఎందుకు' అన్న గడే.

పంట చివర పుస్తకాలు కలిపి చూస్తే, జనరేటర్లు తిరిగిన గంటల్లో సప్లై అసలు లేని గంటలు మూడో వంతే. మిగతా రెండు వంతులూ సప్లై ఉండగానే వేసినవి. కారణం దగ్గర అందరూ రాసింది ఒకటే: లో వోల్టేజీ. రాత్రి ఏడు నుంచి పదకొండు మధ్య చివరి చెరువు దగ్గర 415 వోల్టులు ఉండాల్సిన చోట 340 కూడా కనిపించింది. ఇండక్షన్ మోటారు లాగే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 340కి పడితే మూడో వంతు బలం పోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, వైండింగ్ కాలిపోతుంది. ఒకసారి మోటారు కాలి రివైండింగ్‌కు పంపిన రైతు రెండోసారి ఆ సాహసం చేయడు. లైటు ఎర్రబడగానే చేంజోవర్ స్విచ్ తిప్పి జనరేటర్ మీదికి వెళ్లిపోతాడు. అది అతని తెలివి. దాన్ని నేను మొదటి ఏడాది 'కరెంటు కోత' కింద లెక్కేశాను.

అంటే డీజిల్‌లో రెండు వంతులకు మందు సోలార్ కాదు, బ్యాటరీ కాదు. తీగ. సోలార్ కోసం పిలిచిన మనిషి తీగ మార్చమని చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి. దాత సంస్థ వాళ్లు మొదట ఇబ్బంది పడ్డారు, తీగను క్లీన్ ఎనర్జీ కింద ఎలా చూపిస్తామని. తగ్గే డీజిల్ లీటర్లు చూపించమన్నాను.

డీఓ పుస్తకాలు ఇంకొకటి చెప్పాయి. ఎండ కాసిన రోజు సాయంత్రం చెరువులో డీఓ 9, 10 దాకా ఉంటోంది. మామూలుగా నీరు నిలుపుకోగలిగిన దానికంటే అది ఎక్కువే. 30 డిగ్రీల వేడిలో మంచినీటికైనా ఆ హద్దు ఏడున్నరే, ఉప్పు ఉంటే ఇంకా తక్కువ. అప్పుడు చక్రాలు తిప్పితే ఉన్న ఆక్సిజన్ గాలిలోకి పోతుంది. అయినా అందరూ సాయంత్రం ఆరుకే అన్ని ఏరియేటర్లూ వేసేస్తున్నారు. లోడు అంతా ఊళ్లో ఇళ్ల లోడుతో కలిసి అదే నాలుగు గంటల్లో పడటం వల్లే వోల్టేజీ పడుతోంది. చెరువుకు అక్కర్లేని గంటలో అందరూ కలిసి లాగి, కావాల్సిన గంటకు మోటార్లు కాలబెట్టుకుంటున్నారు.

పనిచేసినవి

అందుకని మొదట చేసింది పైసా ఖర్చు లేని పని. ఎండ రోజుల్లో రాత్రి పదకొండు దాకా సగం ఏరియేటర్లు, ఆ తర్వాత అన్నీ. దీనికి ఒప్పించడం అన్నిటికంటే కష్టమైంది. పక్క చెరువులో చక్రాలు తిరుగుతూ తన చెరువు నిశ్శబ్దంగా ఉంటే ఏ రైతుకూ నిద్ర పట్టదు. మొదట ఒకరు ఒప్పుకున్నారు, సూర్యుడి గురించి అడిగిన పెద్దాయనే. ఆయన మీటరు పట్టుకుని మూడు రాత్రులు గట్టు మీదే కూర్చున్నారు. నాలుగో రోజు ఆయన మాట విని మిగతావాళ్లు మొదలుపెట్టారు. నా గ్రాఫులు చూసి ఒక్కరూ మారలేదు.

మబ్బు రోజులకు వేరే నియమం పెట్టుకున్నాం. మబ్బు పడితే నాచు ఆక్సిజన్ చేయదు కాబట్టి ఆ రోజు మేత సగానికి తగ్గించాలి, ఏరియేటర్లు ముందే వేయాలి. ఇక్కడే నాకు ఇంకో సంగతి బోధపడింది. నాచూ, ప్యానెలూ ఒకే సూర్యుడి మీద బతుకుతాయి. చెరువుకు ప్రాణగండం ఉన్న రాత్రి సరిగ్గా ప్యానెల్ పని చేయని పగలు తర్వాతే వస్తుంది. కాబట్టి సోలార్‌తో మాత్రమే నిండే బ్యాటరీ, అవసరమైన రాత్రికి సగం ఖాళీగా ఉంటుంది. మా డిజైన్‌లో బ్యాటరీ లైను నుంచి కూడా నిండాలని అప్పుడే నిర్ణయించాం. ముందు లైనుతో అయినా నింపు, ఎండ ఉంటే సోలార్‌తో నింపు, కానీ రాత్రి పదకొండుకు నిండుగా ఉండి తీరాలి. 'నూటికి నూరు పాళ్లు సోలార్' అని బోర్డు రాసుకునే అవకాశం దాంతో పోయింది. రొయ్య బతుకుతుంది.

బ్యాటరీ ఎంత పెట్టాలన్నది ఇంకో లెక్క. 22 ఎకరాలకు ఎకరానికి ఒక ఏరియేటర్ చొప్పున నాలుగు గంటలు నడపాలంటే 132 యూనిట్లు. అంత బ్యాటరీ కొనే స్తోమతు లేదు. కానీ అన్ని చెరువులకూ ఒకే రాత్రి గండం ఉండదు. చెరువులో రొయ్య పిల్ల వదిలిన మొదటి రెండు నెలలు రొయ్య బరువు తక్కువ, నీళ్లే సర్దుకుంటాయి. అందరూ ఒకేసారి పిల్ల వదలకుండా ఆరు వారాల తేడాతో రెండు జట్లుగా వదిలితే, చివరి నలభై రోజుల్లో ఉన్న నీరు ఏ సమయంలోనైనా సగానికి మించదు. అప్పుడు పదకొండు ఏరియేటర్లు, మూడు గంటలు, సుమారు 50 యూనిట్లు. 60 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకున్నాం. ప్యానెళ్లకు పెట్టిన దాంట్లో సగం ఖర్చయింది. లెడ్ యాసిడ్ చవకే, కానీ ఆ ఉక్కలో, ఆ ఉప్పు గాలిలో, పూర్తిగా దిగి పూర్తిగా ఎక్కే వాడకంలో అది రెండు మూడేళ్లకు మించి నిలవదని వద్దనుకున్నాను. పిల్ల వదిలే తేదీ మార్చి బ్యాటరీని సగానికి పైగా తగ్గించగలిగాం. ఇంజనీరు చేతిలో లేని ఉపాయం అది, రైతుల ఒప్పందంలో దొరికింది.

మొదటి ట్రయల్‌లో ఇన్వర్టర్ ట్రిప్ అయింది. పదకొండు మోటార్లు ఒకేసారి లేస్తే మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతాయి. ఒక్కో స్టార్టర్‌కు టైమర్ పెట్టి ఇరవై సెకన్ల తేడాతో లేచేలా చేస్తే సమస్య తీరింది. చిన్న విషయమే. కానీ నిజమైన కరెంటు కోత రాత్రి ఇది బయటపడి ఉంటే ఇంకో చెరువు పోయేది.

లైను పనికి ఏడు నెలలు పట్టింది. అర్జీ, అంచనా, రైతుల వాటా, గుడి పక్క నుంచి చెరువుల మధ్యకు హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) లైను తీసుకొచ్చి అక్కడ కొత్త ట్రాన్స్‌ఫార్మర్. తిరగని ఆఫీసు లేదు. చివరికి మా పుస్తకాల్లోని వోల్టేజీ అంకెలే పని చేయించాయి. లో వోల్టేజీ ఉందండీ అని చెప్పడం వేరు, ఫలానా తేదీన ఫలానా గంటకు 340 అని చూపించడం వేరు. ప్రతి సర్వీసుకూ (కరెంటు కనెక్షనుకూ) లైను మీద భారం తగ్గించే కెపాసిటర్లు బిగించాం. 2025 జులైకి చివరి చెరువు దగ్గర 395కు తగ్గలేదు. లో వోల్టేజీ కోసం జనరేటర్ వేయడం ఆ పంటలో ఒక్కసారి కూడా జరగలేదు.

ప్యానెళ్లను గట్ల మీద నుంచి తీసేశాం. ఏడాదిలోనే గట్టు మట్టి దిగి ఫ్రేములు పక్కకు ఒరిగాయి, బోల్టులు తుప్పు పట్టాయి. సగం ప్యానెళ్లను ఉమ్మడి మేత కొట్టు కప్పు మీదికి, మిగతా సగాన్ని లోతుగా దిగ్గొట్టిన పైల్స్ మీదికి మార్చి, గాలి పట్టకుండా వాలు తగ్గించాం. బ్యాటరీ గది అడుగును నేల నుంచి అయిదు అడుగులు లేపాం. 1996 నవంబరు తుపానుకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో పెద్దలు గోడ మీద చెయ్యి పెట్టి చూపించారు. దానికి ఒక అడుగు పైన. వెయ్యి మందికి పైగా పోయిన తుపాను అది. వాళ్లు చూపించిన గీతను మించిన సర్వే నా దగ్గర లేదు.

మొంథా రాత్రి

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. హెచ్చరికలు నాలుగు రోజుల ముందు నుంచే ఉన్నాయి. పట్టుబడికి దగ్గరగా ఉన్న రెండు చెరువులను ముందే పట్టేశారు. అందరూ ఒకేసారి పట్టడంతో ధర తగ్గింది, అయినా పట్టడమే మంచిదని వాళ్లే తేల్చుకున్నారు. మిగతా చెరువుల్లో 27 సాయంత్రం నుంచి మేత ఆపేశారు. మేత ఆపితే రొయ్య వాడుకునే ఆక్సిజన్ తగ్గుతుంది, అడుగున కుళ్లేదీ తగ్గుతుంది. బ్యాటరీని లైను నుంచి నిండా నింపారు.

28 సాయంత్రానికి సప్లై పోయింది. ఎనిమిదింటికి నాకు ఫోను: "బ్యాటరీ మీద ఏరియేటర్లు వేసేద్దామా అండి?" వద్దన్నాను. ఆ నిర్ణయం చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, జూన్ రాత్రి కళ్లముందుంది కాబట్టి. కానీ తర్కం స్పష్టంగానే ఉంది. గాలి అంత వేగంగా కొడుతుంటే నీటి పైభాగమంతా అలలే. గాలే ఏరియేటర్. గండం గాలి తగ్గాకే. పైన వాన నీరు ఒక పొరగా, కింద ఉప్పునీరు ఒక పొరగా విడిపోతుంది. మబ్బుకు నాచు చచ్చిపోవచ్చు. అడుగున ఉన్న రొయ్యకు ఊపిరి అందదు. మూడు గంటల బ్యాటరీని గాలిలో ఖర్చు చేస్తే, గాలి ఆగాక చేతులు ఖాళీ. గంటకోసారి డీఓ చూడమన్నాను, 4కు దిగితే వేయమన్నాను. కొట్టులో తలదాచుకుని, సందు దొరికినప్పుడల్లా ఒకరి నడుముకు ఒకరు తాడు కట్టుకుని గట్టు మీదికి వెళ్లి చూశారు. మూడింటి దాకా 5కు తగ్గలేదు. మూడున్నరకు గాలి నెమ్మదించింది, 4.1 వచ్చింది. వేశారు. ఆరున్నర దాకా నడిచింది.

29 పగలంతా మబ్బు. ప్యానెళ్లు మామూలు రోజులో నాలుగో వంతు కూడా ఇవ్వలేదు. ఆ రాత్రికి జనరేటర్లే దిక్కయ్యాయి. వాటిని అమ్మేయమని నేను ఎప్పుడూ చెప్పలేదు. తొమ్మిది పాత వాటిలో నమ్మకమైన మూడు ఉంచుకుని, నెలకోసారి తిప్పి చూసే ఏర్పాటు చేసుకున్నాం. సప్లై మూడో రోజు సాయంత్రం వచ్చింది. కరెంటు లేక పోయిన చెరువు ఒక్కటీ లేదు.

కానీ ఒక చెరువు పోయింది. మురుగు కాలువ గుర్రపు డెక్కతో పూడిపోయి ఉంది. వాన నీరు సముద్రంలోకి దిగలేక వెనక్కి తన్ని ఒక గట్టును తెంచింది. రొయ్యంతా కాలువలోకి పోయింది. ఆ రైతుకు వోల్టేజీ బాగుంది, బ్యాటరీ నిండుగా ఉంది. నా ఆడిట్‌లో మురుగు కాలువ గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఏ ఊళ్లోనైనా పని మొదలుపెట్టేముందు ప్యానెల్ మాట ఎత్తను. ఏ గంటకు కరెంటు లేకపోతే ఏం పోతుందో అడుగుతాను. ఆదా కోసం కావాల్సిన కరెంటు వేరు, ప్రాణం కోసం కావాల్సిన కరెంటు వేరు. రెంటికీ ఒకే పరికరం సరిపోవడం అరుదు. సబ్సిడీ ధర ఉన్నచోట ప్యానెల్ లాభం ఎవరి జేబులోకి వెళ్తుందో ముందే కాగితం మీద రాసి రైతులకు చదివి వినిపిస్తాను.

2024 అక్టోబరులో వచ్చిన రాష్ట్ర సమీకృత క్లీన్ ఎనర్జీ విధానం 160 గిగావాట్ల లక్ష్యం పెట్టుకుంది, పది లక్షల కోట్ల పెట్టుబడి అన్నారు. కర్నూలు సోలార్ పార్కు, పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకెత్తి నిలిపి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేది) లాంటివి ఇప్పటికే ఉన్నాయి. అవి కావాలి, నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కానీ పిన్నాపురంలో ఎత్తి నిలిపిన నీటి బలం ఈ చెరువుకు చేరాలంటే చివరి కిలోమీటరున్నర దీపాల కాలం నాటి తీగ మీదుగానే రావాలి. తుపాను రాత్రి ఆ తీగ నేల మీద ఉంటుంది. గిగావాట్ల లెక్క పక్కన డెల్టా ఊళ్లకు ఇంకో లెక్క కూడా ఉండాలని నా అభిప్రాయం: లైను చివర రాత్రి తొమ్మిదింటికి ఎన్ని వోల్టులు, లైను తెగాక ఎన్ని గంటలు నిలవగలం.

ఇంకా తేలని విషయం కౌలుది. సర్వీసు భూమి యజమాని పేరు మీద ఉంటుంది. సోలార్ సర్దుబాటు ఆ బిల్లులోనే పడుతుంది. అయిదుగురు కౌలు రైతులు బ్యాటరీకి వాటా కట్టారు, గట్టు మీద రాత్రుళ్లు కాపలా ఉన్నారు. కౌలు మారితే వాళ్ల వాటా ఏమవుతుంది? యజమాని, కౌలుదారు, రైతుల సంఘం ముగ్గురూ సంతకం పెట్టే ఒప్పందం ఒకటి రాశాం. కౌలు వదిలితే మిగిలిన విలువ తిరిగి ఇవ్వాలని అందులో ఉంది. ఇది రాసేనాటికి ముగ్గురు యజమానులు సంతకం పెట్టారు, ఇద్దరు చూద్దామన్నారు.

జూన్‌లో చెరువు పోగొట్టుకున్న కుర్రాడి యజమాని ఆ ఇద్దరిలో ఒకరు. అయినా అతను ఫిబ్రవరిలో రెండో జట్టుతో పిల్ల వదిలాడు. రాత్రి మూడింటి డీఓ రాసే వంతు ఈ నెల అతనిదే. నిన్నటి అంకె 4.6 అని పొద్దున్నే పంపాడు.